గిద్యోను ఇంటికి పంపినవాళ్లు

లూయివిల్,
బుధవారం

నా ప్రియమైన వెర్నెల్,

మీ చెల్లి తుంటి ఎముక ఎలా ఉంది? కర్ర పట్టుకుని లేచి తిరుగుతోందా, లేక మంచంలోంచే నీ మీద పెత్తనం చేస్తోందా? ఫోనులో నేను ప్రసంగపీఠం ఎక్కినట్టు అరుస్తానని, పడూకాలో ఆ వీధి వీధంతా వినిపిస్తోందని నువ్వు ఉత్తరాలే రాయమన్నావు. సరే, రాస్తున్నాను. కానీ ఈ ఉత్తరం కూడా అరుస్తుంది. ముందే చెప్తున్నాను.

మనం ఓడిపోయాం. నువ్వు వినే ఉంటావు. చలికాలమంతా గెలుచుకుంటూ వచ్చిన మన బాస్కెట్‌బాల్ జట్టు, ఈసారి ఫైనల్స్ దాకా వెళ్తుందని మా బస్సు డిపోలో ప్రతివాడూ ప్రమాణం చేసి చెప్పిన జట్టు, ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే, మన ఊళ్లోనే, మన జనం కళ్లముందే బయటికి వచ్చేసింది. ఆటకు గంట ముందు స్టేడియంలో ఐసు మిషను పక్కనున్న ఆ చిన్న గదిలో ఎప్పటిలాగే ప్రార్థన పెట్టాను. రెండు జట్ల వాళ్లూ ఎప్పటిలాగే కలిసి కూర్చున్నారు, మోకాళ్లు గడ్డాలకు తగిలే ఆ మడత కుర్చీల్లో. గెలుపు కోసం నేను ఎన్నడూ ప్రార్థించలేదు, ఆరోజూ ప్రార్థించలేదు. ఎవరి కాళ్లూ చేతులూ విరగకుండా చూడు తండ్రీ అన్నాను, అంతే.

చివరి క్షణాల్లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి మన కెప్టెన్ కేలెబ్ మెరివెదర్ చేతిలో ఉంది. అతని దగ్గర ఎవరూ లేరు. కళ్లు మూసుకుని వేసినా పడే షాటు అది. పైకి లేచాడు. అందరం లేచి నిలబడ్డాం. లేచినవాడు వెయ్యలేదు, వెర్నెల్! రింగు కింద నిలబడ్డ లాజర్‌కి పాస్ ఇచ్చాడు. ఆ సెర్బియా ఏడడుగుల వాడు బంతి తన దగ్గరికి వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. వాడు వేసింది రింగు అంచు మీద తిరిగి తిరిగి బయటికి పడింది. హారన్ మోగింది.

ఇంతవరకు ఆట. ఇక నా సంగతి విను.

మర్నాడు పొద్దున ఆటగాళ్లు లాకర్లు ఖాళీ చేసుకుంటున్నారు. కోచ్ నన్ను పిలిచి, "వీళ్లు ఊళ్లకి పోయేముందు ఓ మంచి మాట చెప్పండి" అన్నాడు. నేను బైబిల్లోంచి గిద్యోను కథ తీశాను. ముప్పై రెండు వేలమంది సైన్యం వస్తే, ఇంతమంది వద్దు, మూడు వందలమంది చాలన్నాడు దేవుడు. నా ఉద్దేశం ఏమిటంటే, మనది చిన్న ఊరు, పేరున్న ఆటగాళ్లెవరూ మన దగ్గరకు రారు, అయినా కొద్దిమందే చాలు, మళ్లీ రండి అని చెప్పడం. కానీ నా సంగతి నీకు తెలుసు కదా. భయపడేవాడు కొండ దిగి ఇంటికి పోవచ్చని గిద్యోను చాటించిన చోటికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే లేచింది. "భయపడేవాడు ఇంటికి పో!" అని లాకరు తలుపు మీద అరచేత్తో కొట్టాను. కేలెబ్ బూట్లు సంచిలో కుక్కుకుంటున్నాడు. అతని చెయ్యి ఆగిపోయింది. చూశాను. చూసి కూడా ఆగలేదు. మంట అంటుకున్నాక నేను ఆగగలనా?

గుమ్మంలో జనరల్ మేనేజర్ హాలిస్టర్ కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడని నాకు తెలియదు. ఏనాడూ మా ప్రార్థనకు రానివాడు, ఆ ఒక్క మాట వినడానికే వచ్చినట్టున్నాడు. మధ్యాహ్నం మైకుల ముందు కూర్చుని ఏమన్నాడో తెలుసా? "మా బోధకుడే చెప్పాడు. గిద్యోనులాగా భయపడేవాళ్లను ఇంటికి పంపించి, మిగిలినవాళ్లతో జట్టును మళ్లీ కడతాం." పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది?

సాయంత్రానికల్లా రేడియోలో గిద్యోను, పెట్రోలు బంకులో గిద్యోను. మంగలి షాపులో అడుగుపెడితే ఆ ముసలి ర్యాండల్ కత్తెర పైకెత్తి, "రండి బ్రదర్ టిల్రీ! ఇంతకీ మీ దేవుడు కేలెబ్‌ని ఏ ఊరికి బదిలీ చేస్తున్నాడు?" అన్నాడు. షాపంతా నవ్వు. గడ్డం సగంలో ఉన్నవాడు కూడా నవ్వాడు.

అది భరించాను. ఇవాళ సాయంత్రం వాక్య ధ్యానంలో జరిగింది మాత్రం భరించలేకపోతున్నాను. కేలెబ్ వాళ్లమ్మ, మన గుడికి పెద్ద దిక్కు మదర్ మెరివెదర్, తెల్ల టోపీ పెట్టుకుని వచ్చింది. ఎప్పుడూ కూర్చునే రెండో వరుస దాటి, నడవా దాటి, ఆఖరి బెంచీకి పోయి కూర్చుంది. "మదర్, మీ చోటు ఇక్కడ కదా" అన్నాను. "పిరికివాణ్ణి కన్నదాన్ని, వెనకే కూర్చుంటాలే" అంది. మోషే పంపిన వేగులవాళ్లలో పదిమంది వణికిపోతుంటే, పదండి, మనం గెలుస్తాం అన్న కాలేబు పేరు ఏరికోరి కొడుక్కి పెట్టుకున్న తల్లి ఆమె. ఆమె మీద ఆ మాట విసిరింది నేనే.

కేలెబ్ పోతే జట్టు మిగలదు. లాజర్ తన దేశం వెళ్లిపోతానంటున్నాడు. కోచ్ ఇల్లు అమ్మకానికి పెట్టాడని చెప్పుకుంటున్నారు. ఇన్నేళ్లు ఒక్కొక్క ఇటుకా పేర్చి కట్టిందంతా కూలడానికి నా నోరు సాకు అయింది. నేను ఊరుకోను, వెర్నెల్. కేలెబ్ భయపడలేదు. లాజర్ ఖాళీగా ఉన్నాడు, అది సరైన పాస్. రేపే హాలిస్టర్ ముందు నిలబడి ఆ మాట చెప్తాను. వినకపోతే ఆ ప్రార్థన గది తాళంచెవి అతని బల్ల మీద పెట్టి వస్తాను. నిశ్చయించుకున్నాను.

నీ
ఓబద్యా


పడూకా,
శుక్రవారం

ఓబీ,

నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపిస్తే చెల్లి నవ్వింది, నవ్వితే కుట్లు లాగాయి, కుట్లు లాగితే నన్ను తిట్టింది. కాబట్టి ఈ తిట్లు నీ ఖాతాలోవే.

నువ్వు మంచివాడివి. కానీ ఒంట్లో వేడి పుట్టగానే పుస్తకం మూసేస్తావు. మన పెళ్లయిన కొత్తలో యోనా మీద ప్రసంగం చేస్తూ, చేప అతణ్ణి మింగిన చోట అరిచి అరిచి గొంతు పోయి అక్కడే ఆపేశావు, గుర్తుందా? వారం రోజులు ఆ మనిషి చేప కడుపులోనే ఉన్నాడు. పిల్లలు వచ్చి "సిస్టర్, ఆయన బయటికి వచ్చాడా లేదా?" అని నన్ను అడిగారు.

గిద్యోను కథ మూడు వందలమంది దగ్గర అయిపోలేదు. ఇంకా కిందికి చదువు. రాత్రివేళ కుండలు పగలగొట్టి శత్రువుల్ని బెదరగొట్టింది మూడు వందలమందే. పారిపోతున్న శత్రువుల్ని తరిమిందెవరు? నేను చెప్పను. నీ కళ్లద్దాలు వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన ఉంటాయి, పెట్టుకుని చదువు.

ఇంకో మాట. హాలిస్టర్ దగ్గరికి ముందు పోవద్దు. ఈ ఉత్తరం అందేలోపే పోయుంటావని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను. ముందు ఆ తల్లి దగ్గరికి వెళ్లు. వట్టి చేతులతో వెళ్లు. నువ్వు వండింది మాత్రం ఏదీ పట్టుకెళ్లకు, ఉన్న గొడవ చాలు. ఆ తాళంచెవి నాటకం ఎందుకు? అది ఇచ్చేస్తే శిక్ష ఎవరికి, ఐసు మిషనుకా?

మాత్రలు వేసుకుంటున్నావా?

వెర్నెల్


లూయివిల్,
సోమవారం

నా వెర్నెల్,

మాత్రలు వేసుకుంటున్నాను. హాలిస్టర్ దగ్గరికి నీ ఉత్తరం రాకముందే పోయాను. ఇక నవ్వుకో.

"రండి పాస్టర్ గారూ" అన్నాడు.

"పాస్టర్‌ని కాను. నన్ను పాస్టర్‌ని చేస్తూ నా తల మీద ఏ పెద్దా చేతులుంచలేదు. బస్సుల బ్రేకులు బాగుచేసేవాణ్ణి."

"మీ ప్రసంగం మాత్రం నాకు బాగా పనికొచ్చింది."

"దాన్ని వెనక్కి తీసుకోవడానికే వచ్చాను."

"ఎలా తీసుకుంటారండీ? అది రేడియోలో తిరుగుతోంది" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. లాజర్ ఖాళీగా ఉన్న సంగతి, కేలెబ్ కన్ను ఎంత చురుకో, ఆ పాస్ ఎంత న్యాయమో అన్నీ చెప్పాను. సైన్యాన్ని తగ్గించమని గిద్యోనుకు దేవుడు చెప్పాడు, మీకెవరు చెప్పారు అని అడిగాను. అతను ఓపిగ్గా విన్నాడు. ఆ మనిషి నేననుకున్నంత చెడ్డవాడు కాదు, అదే నాకు కష్టమైంది.

"అది సరైన పాసే" అన్నాడు. "ఎవరు అడిగినా అదే చెప్తాను. కానీ ఎందుకిచ్చాడన్నది కోచ్ బోర్డు మీద ఆట గీస్తే కనపడదు కదా. అయినా అతణ్ణి నేను పంపట్లేదు. తను ఒప్పుకోకుండా వేరే ఏ జట్టుకీ పంపకూడదని అతని ఒప్పందంలో ఉంది. నిరుడు రెండుసార్లు అడిగాను, చస్తే పోనన్నాడు. ఇవాళ తనే ఫోను చేశాడు. ఎక్కడికి పంపినా పోతాడట. మంగళవారం వచ్చి సంతకం పెడతాడు."

వెర్నెల్, నిరుడు రెండుసార్లు కాదన్న మనిషి ఈసారి తనే అడిగాడంటే మధ్యలో జరిగిందేమిటి? నా అరచెయ్యి, లాకరు తలుపు. తాళంచెవి తీసి అతని బల్ల మీద పెట్టాను. హాలిస్టర్ దాన్ని వేలితో నావైపు నెట్టాడు. "ఇది ఐసు మిషను గదిది కదా? మావాళ్లకి ఐసు కావాలి. ఉంచుకోండి" అన్నాడు. శనివారం నీ ఉత్తరం చదివాక, మీరిద్దరూ ముందే మాట్లాడుకున్నారేమో అనిపించింది.

శనివారం ఊరంతా ఏటా జరిగే గుర్రప్పందేల మీద ఉంది. వీధుల్లో పందేలకు పెట్టుకునే పెద్ద పెద్ద టోపీలు. మన ఓటమిని అందరూ అప్పుడే మరిచిపోయారు. నేను వంటింట్లో కూర్చుని, ఉప్పు డబ్బా పక్కన దొరికిన కళ్లద్దాలు పెట్టుకుని, కిందికి చదివాను. చదివి లేచి నిలబడ్డాను. కుర్చీ పడిపోయింది. ఎన్నిసార్లు చదివానో ఆ అధ్యాయం! ఎప్పుడూ కుండలు పగలగానే హల్లెలూయా అని మూసేసేవాణ్ణి.

ఆదివారం మదర్ మెరివెదర్ గుడికి రాలేదు. ఇవాళ డిపోలో సెలవు పెట్టి, నువ్వు చెప్పినట్టు వట్టి చేతులతో, కాదు, చేతిలో గ్రంథంతో వాళ్లింటికి వెళ్లాను. వరండాలో ఆమె కుర్చీలో ఉంది. పక్కన కేలెబ్, తొడల మధ్య గిన్నె పెట్టుకుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. ఇరవై వేలమంది లేచి నిలబడి చూసే చేతులు!

"అక్కడే మెట్ల కింద నిలబడు" అంది ఆమె.

నిలబడ్డాను.

"ఇంకా ఏం మిగిలింది చెప్పడానికి?"

"మిగిలిన అధ్యాయం, మదర్. మీరు వినేదాకా ఈ వాకిట్లోంచి కదలను."

"వాన పడేట్టుంది."

"పడనీ."

"కళ్లద్దాలు తడుస్తాయి."

"తడవనీ మదర్, నాకు నోటికి వచ్చు."

ముందు మీ ఇద్దరినీ క్షమించమని అడగాలి అన్నాను, అడిగాను. తర్వాత కేలెబ్ వైపు తిరిగి, "నాయనా, నువ్వు భయపడలేదు. అది సరైన పాస్. మీ మేనేజరే ఒప్పుకున్నాడు" అన్నాను. అతను తల ఎత్తలేదు. కాయలు టప్ టప్‌మని ఇంకా గట్టిగా తుంచాడు. ఆ శబ్దంలో కోపం ఉంది, ఎందుకో నాకు అర్థం కాలేదు.

అప్పుడు చదివాను. మూడు వందలమంది కుండలు పగలగొట్టారు, బూరలు ఊదారు, శత్రువులైన మిద్యానీయులు పరుగు తీశారు. ఆ తర్వాత? వాళ్లను తరమడానికి ఎవరిని పిలిచారు? నఫ్తాలివాళ్లను, ఆషేరువాళ్లను, మనష్షేవాళ్లను. ఎవరు వీళ్లు? మొట్టమొదట గిద్యోను పిలిస్తే వచ్చినవాళ్లే. కొండ దిగి ఇంటికి పోయినవాళ్లలో ఉన్నది ఈ గోత్రాలవాళ్లే! "భయపడి ఇంటికి పోయినవాళ్లను మళ్లీ పిలిచారు, మదర్. వాళ్లు మళ్లీ వచ్చారు. యుద్ధం ముగించింది వాళ్లతోనే!" అన్నాను. అరిచానేమో కూడా, పక్కింటి కుక్క మొరిగింది.

కాయలు తుంచే శబ్దం ఆగింది.

"అది అందులో రాసి ఉందా?" అంది ఆమె.

గ్రంథం పైకి అందించాను. చూపుడువేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకుంది. మళ్లీ మొదటి నుంచి చదివింది. "పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గుడికి వస్తున్నాను. దీని మీద ఒక్కడూ ప్రసంగం చెయ్యలేదేం?"

"నేను చేస్తాను."

నన్ను పై నుంచి కిందకి చూసింది. "ఒక మెట్టు ఎక్కు" అంది. ఒక్కటే, వెర్నెల్. ఎక్కాను.

కేలెబ్ లేచి గిన్నె తల్లి ఒళ్లో పెట్టాడు. "బ్రదర్ టిల్రీ, రేపు సంతకం పెట్టాలి" అని, అంతే అని, లోపలికి పోయాడు.

అక్కణ్ణుంచి తిన్నగా మంగలి షాపుకి పోయి, ర్యాండల్ కత్తెర పట్టుకుని నిలబడగా, మిగిలిన అధ్యాయం అందరికీ చదివి వినిపించాను. "ఇప్పుడు నవ్వండి" అన్నాను. ఒక్కడూ నవ్వలేదు. రేపటి నుంచి రేడియోవాళ్ల గుమ్మం ముందు కూడా నిలబడతాను. సగం వాక్యాన్ని ఊరంతా చల్లిన నోరే మిగతా సగాన్నీ చల్లాలి. రేపు కేలెబ్ సంతకం పెట్టినా సరే, నేను ఆపను. అతను వేరే జట్టు చొక్కా వేసుకుని ఈ ఊరు వచ్చిన రోజున కూడా ఐసు మిషను పక్క గదిలో అతని కుర్చీ అతనిదే. ఆ గదిలో ఇటు జట్టు, అటు జట్టు అని లేదు.

నువ్వెప్పుడొస్తావు? చిక్కుడుకాయల వాసన పట్టుకుని ఇంటికొచ్చాను, వండిపెట్టే మనిషి లేదు.

నీ
ఓబద్యా


లూయివిల్,
గురువారం

ప్రియమైన బ్రదర్ టిల్రీ గారికి,

ఎదురుగా కూర్చుని చెప్తే మధ్యలో ఆమెన్ అంటారు. ఉత్తరంలో మీకు ఆ వీలు లేదు కాబట్టి రాస్తున్నాను. పూర్తిగా చదివాక అనండి.

లాజర్ ఖాళీగా ఉన్నాడని నాకు తెలియదు. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆరోజు పైకి లేచినప్పుడు నాకు రింగు కనపడింది, దాని వెనక జనం కనపడ్డారు, అంతే. బంతి నా చేతుల్లోంచి పోతే చాలనుకున్నాను. ఎటు విసరాలా అని చూస్తే అందరికంటే ఎత్తుగా ఒక తల కనపడింది. ఆ తలకి విసిరాను. అది సరైన పాస్ కావడం నా అదృష్టం, నా గొప్ప కాదు. నేను భయపడ్డాను.

తర్వాత అందరూ ఓదార్చారు. సరైన పాస్ అన్నాడు కోచ్. తప్పు నాది, చేతులు సిద్ధంగా లేవు అన్నాడు లాజర్. నా సిగ్గు వాడు మోస్తుంటే నేను నోరు మూసుకుని చూస్తున్నాను. అప్పుడు మీరు లాకరు కొట్టి అరిచారు. ఒక్క నిమిషం మిమ్మల్ని చంపాలనిపించింది. మరు నిమిషం, ఎవరో ఒకరు చూశారు కదా అని ఊపిరి ఆడింది. హాలిస్టర్‌కి ఫోను చేసింది మీరు అవమానించారని కాదు, మీరు అన్నది నిజమని. భయపడేవాడు పోవాలన్నారు, పోదామనుకున్నాను.

అందుకే సోమవారం మీరు వాకిట్లో నిలబడి, నువ్వు భయపడలేదు నాయనా అంటుంటే గిన్నె మీ మీదికి విసిరేద్దామనిపించింది. నిజం తెలిసిన ఒక్క మనిషీ దాన్ని వెనక్కి తీసుకుంటుంటే నేనెక్కడికి పోను? అమ్మ ముందు అదీ చెప్పలేకపోయాను.

కానీ తర్వాత మీరు చదివారు. ఆ రాత్రి అమ్మ దగ్గర గ్రంథం తీసుకుని నేనూ చదివాను. ఇంటికి పోయినవాళ్లు మధ్యలో ధైర్యవంతులయ్యారని అక్కడ రాసి లేదు, బ్రదర్ టిల్రీ. వెతికాను, లేదు. పిలిచారు, వచ్చారు. అంతే ఉంది. నాకు చోటున్న మాట అందులో అదొక్కటే.

మంగళవారం ఆఫీసుకి వెళ్లాను. హాలిస్టర్ కలం ముందుకు జరిపాడు. పెట్టను అన్నాను.

"మళ్లీ ఏమైంది?"

"ఆ ఆటలో నేను భయపడ్డాను."

కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఇది మైకుల ముందు చెప్పగలవా?"

"చెప్తాను. ముందు లాజర్‌కి చెప్పాలి."

సెర్బియా చేరిపోయిన లాజర్‌కి ఫోను చేశాను. ముందు వాళ్ల భాషలో ఏదో అన్నాడు, అది ప్రార్థన మాత్రం కాదు. ఆపైన, "గాడిదా, వారం నుంచి నాకు నిద్ర లేదు తెలుసా? మా ఆవిడ నన్ను వరండాలో పడుకోమంటోంది" అన్నాడు. వేసవంతా అక్కడే ఉండాల్సినవాడు జూలైలోనే తిరిగొస్తున్నాడు. తను రింగు కింద నిలబడతాడట, నేను షాట్లు వెయ్యాలట. నాకు గనక పాస్ ఇచ్చావంటే బంతి నీ నెత్తికేసి కొడతానన్నాడు. మిగతావాళ్లు కూడా వస్తామన్నారు. మా సాధన కోసం మీ గుడి వెనక హాలు పొద్దున్నే తెరవాలి. తాళంచెవులంటే మీకు ఇష్టమని విన్నాను.

హాలిస్టర్ ఒక్క ఏడాది ఇచ్చాడు. ఈ జట్టునే, ఉన్నదున్నట్టుగా. మళ్లీ ఇలాగే ఓడితే నన్ను, కోచ్‌ని, తనని కూడా యజమానులు ఇంటికి పంపేస్తారట. మంచి బేరమే అన్నాను.

అమ్మకి కూడా నిజం చెప్పాను. "అయితే కాలేబు అని పేరు పెట్టడం నా తప్పు, మనష్షే అని పెట్టాల్సింది" అంది. ఆదివారం రెండో వరుసలో కూర్చుంటుందట. పీచ్ పళ్ల తీపి వంటకం, కాబ్లర్, చేస్తోంది. మీరు మెట్లన్నీ ఎక్కి రావచ్చని చెప్పమంది.

అక్టోబరులో ఆటలు మళ్లీ మొదలయ్యాక ఐసు మిషను పక్క గదిలో నా కుర్చీ నాకు ఉంచండి. ఎప్పటిలాగే గెలుపు కోసం ప్రార్థించకండి. నా భయం పోవాలని కూడా ప్రార్థించకండి, అది ఉంటే ఉండనివ్వండి. బంతి మళ్లీ నా చేతికి వస్తుంది. వేస్తాను. పడకపోతే, మర్నాడు పొద్దున లాకర్ల దగ్గర నిలబడి మీకు నచ్చిన అధ్యాయం తీసి ఎంత గట్టిగా అరుస్తారో అరవండి. చివరిదాకా చదవండి, అంతే.

మీ
కేలెబ్ మెరివెదర్